నెట్టుకెళ్లగలిగే దూరం

మొదటి బండి కొనబోయే కుర్రాణ్ని కదిలిస్తే ముందు సీసీ గురించి చెబుతాడు. వాళ్ల నాన్న మైలేజీ అడుగుతాడు. వాళ్లమ్మ నెలకి ఎంత కట్టాలో అడుగుతుంది. షెడ్డులో మెకానిక్కు దగ్గరికి వెళితే మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాడు: "మీదే ఊరండీ?"

బందరు, గుడివాడ, దివిసీమ పరిసరాల్లో తక్కువ డబ్బుతో బండి కొనేవాళ్లని పాతికేళ్లుగా చూస్తున్నాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ నాలుగు ప్రశ్నల్లో మెకానిక్కుదే అసలైనదని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఊరు తెలిస్తే అతనికి మట్టి తెలుస్తుంది, ఉప్పుగాలి తగులుతుందో లేదో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బండి ఆగిపోతే షెడ్డు దాకా ఎంత దూరం నెట్టుకురావాలో తెలుస్తుంది. ఆ దూరాన్ని లెక్కలో పెట్టుకోకుండా కొన్న బండి ఎంత చవగ్గా వచ్చినా ఖరీదైనదే.

హైవేల మీద ఏ బండైనా పోతుంది. బందరు నుంచి విజయవాడకి డెబ్బై కిలోమీటర్ల 65వ నంబరు జాతీయ రహదారి, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డల మీదుగా రేపల్లె వైపు దిగే 216, ఈ రెంటి మీదా బండిని పరీక్షించి ప్రయోజనం లేదు. మన బండి బతుకంతా కాలవ గట్ల మీద, డ్రైను గట్ల మీద, రొయ్యల చెరువుల చుట్టూ గడుస్తుంది. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి రోడ్డుని పలకలు పలకలుగా లేపుతుంది. వానాకాలం అదే మట్టి జిగురవుతుంది. సార్వా దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు కేజీ వీల్సుతో చేలోంచి రోడ్డెక్కి, గజానికో మట్టిపెళ్ల వదిలిపెట్టి పోతాయి. దాని మీద జల్లు పడిందంటే బ్రేకు తొక్కకూడదు, తొక్కినా లాభం లేదు.

నా మొదటి బండి నాకు నేర్పిన పాఠం కోడూరు దగ్గర ఒక గట్టు మీద. ఆషాఢమాసం, సాయంత్రం, వాన వెలిసి అరగంట అయింది. పావు కిలోమీటరు పోయేసరికి ముందు చక్రం తిరగడం మానేసింది. మట్టి టైరుకి చుట్టుకుని, మడ్గార్డుకీ టైరుకీ మధ్య దట్టించుకుపోయింది. చక్రం బిగుసుకుపోయింది కాబట్టి నెట్టడానికీ రాదు. పక్కన కంపలోంచి పుల్ల విరిచి, మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాను. పది గజాలు పోగానే మళ్లీ అదే. టీవీఎస్ ఎక్సెల్ మీద గడ్డిమోపుతో వచ్చిన పెద్దాయన ఆగి, నా బండి చుట్టూ ఒకసారి చూసి, "అందంగానే ఉంది బాబూ, మడ్గార్డు ఇంత దగ్గరుంటే ఎట్టా?" అని ముందుకి పోయాడు. ఆయన బండికి ముందు మడ్గార్డే లేదు, ఎప్పుడో ఊడదీసేసినట్టున్నాడు. షెడ్డుకి మూడు కిలోమీటర్లు. చేరేసరికి రాత్రి ఎనిమిదైంది.

వాన లేకపోయినా పరీక్షలు తప్పవు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ హద్దుగా రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక రాళ్లు అక్కడే మిగులుతాయి. చీకట్లో బలహీనమైన హెడ్‌లైటుతో వచ్చేవాడికి ఆ రాళ్లు కనబడవు. మినుము పీకే రోజుల్లో రోడ్డే కళ్లం. బళ్లు తొక్కితే కాయ రాలుతుందని పరుస్తారు, ఆ తీగ చైనుకీ హబ్బుకీ చుట్టుకుంటుంది. రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డుని జారుడుబల్ల చేస్తాయి. ఇక గిలకలదిండి, మంగినపూడి, నాగాయలంక, హంసలదీవి వైపు ఉప్పుగాలి సంగతి. ఒక్క ఏడాదిలో పుల్లల చక్రం నిప్పిళ్లు తుప్పెక్కుతాయి, సైలెన్సరు అడుగు పేలిపోతుంది, బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చటి పొడి పూస్తుంది. సముద్రానికి పది కిలోమీటర్ల లోపు ఊళ్లలో ఉండేవాళ్లకి నా సలహా ఒకటే. మోడల్లో అల్లాయ్ వీల్స్ రకం దొరికితే ఆ రెండు మూడు వేలకి వెనకాడొద్దు. వారానికోసారి మంచినీళ్లతో కడగండి. చెరువు నీళ్లతో కడిగితే కడిగినట్టు కాదు, ఉప్పు నీళ్లతో ఇంకోసారి తడిపినట్టు.

ఈ నేల మీద ఏ బండి నిలిచిందో చరిత్రే చెబుతుంది. మా చిన్నప్పుడు ఊళ్లో సైకిలు తర్వాతి మెట్టు లూనా, దాని తర్వాత 1980లో వచ్చిన టీవీఎస్ 50. బుల్లెట్టు, రాజ్‌దూత్ మోతుబరుల గుమ్మంలోనే ఉండేవి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక లెక్క మారింది. నాలుగు స్ట్రోకుల ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలిపే బాధ లేదు, లీటరుకి టీవీఎస్‌తో పోటీపడే మైలేజీ. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ప్రాంతంలో "హీరో హోండా" అంటే కంపెనీ పేరు కాదు, బండికి ఇంకో పేరు. ఏ కంపెనీ బండి కొన్నా "హీరో హోండా కొన్నాడు" అనేవారు. అన్నట్టు, అప్పట్లో మొదటి బండి సొంత డబ్బుతో కొన్న మగాళ్లు తక్కువ. వాచీ, ఉంగరం, హీరో హోండా అని పెళ్లి మాటల్లోనే తేలిపోయేది. మావగారి జేబులోంచి వచ్చిన బండికి మైలేజీ లెక్కలు ఎవరు వేస్తారు? కట్నం నేరమని 1961 నుంచీ చట్టం ఉన్నా, ఆ లెక్క ఈనాటికీ పూర్తిగా చెరిగిపోలేదు. ఇప్పటి కుర్రాళ్లు చాలామంది తమ జీతంతో తామే కొనుక్కుంటున్నారు. అందుకే ఈ చర్చ ఇప్పుడు అవసరమైంది.

హీరో, హోండా 2010 డిసెంబరులో విడిపోతామని ప్రకటించాయి. అయినా 97.2 సీసీ ఇంజను అలాగే ఉండిపోయింది. పామర్రులో పాడైన బండికి చల్లపల్లిలో, చల్లపల్లిలో దొరకని సామాను అవనిగడ్డలో, ఎక్కడా దొరక్కపోతే బెజవాడ ఆటోనగర్లో దొరుకుతుంది. స్ప్లెండర్ గొప్పతనం అంతా అందులోనే ఉంది. దాని రూపం మీద నాకేమీ మోజు లేదు. కానీ క్లచ్ కేబులు కిరాణా కొట్టు పక్కనే దొరికే బండి వేరు, ఫోన్ చేసి వారం ఆగాల్సిన బండి వేరు.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న రకాల మాట. 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. దాంతో వంద సీసీ బళ్ల షోరూం ధర సుమారు 55 వేల నుంచి 75 వేల లోపు ఆడుతోంది. అడుగున హెచ్ఎఫ్ డీలక్సు, టీవీఎస్ స్పోర్ట్. మధ్యలో 2023లో వచ్చిన హోండా షైన్ 100, బజాజ్ ప్లాటినా. పైన స్ప్లెండర్ ప్లస్. వీటి మైలేజీల మీద టీకొట్ల దగ్గర జరిగే వాదన వింటే నవ్వొస్తుంది. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి వెయ్యి తిరిగేవాడిని తీసుకోండి. పెట్రోలు లీటరు 110 అనుకుందాం. లీటరుకి 65 ఇచ్చే బండికీ 60 ఇచ్చే బండికీ నెలకి తేడా నూట నలభై రూపాయలు. దానికోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయక్కర్లేదు. అదే 40 ఇచ్చే నూట యాభై, నూట అరవై సీసీ బండి కొంటే నెలకి 2,750 పెట్రోలుకే పోతుంది. అరవై ఇచ్చేదానికి 1,830 చాలు. తేడా తొమ్మిది వందల పైన, మూడేళ్లకి 33 వేలు. సగం హెచ్ఎఫ్ డీలక్సు కన్నా ఎక్కువే. కుర్రాడు సీసీ గురించి మాట్లాడుతున్నప్పుడు ఈ అంకె అతని ముందు పెట్టండి. తర్వాత కూడా అదే కావాలంటే కొనుక్కోనివ్వండి, వయసు అలాంటిది.

మైలేజీ కన్నా నేను బరువు చూస్తాను. షైన్ 100 సుమారు 99 కిలోలు, స్ప్లెండర్ 112, ప్లాటినా 117. బుల్లెట్టు 195 దరిదాపు. గట్టు మీద ఆగిపోయిన బండిని ఒంటరిగా నెట్టుకొచ్చినవాడికి ఈ తేడా భుజాల్లో తెలుస్తుంది. ఎదురుమొండి దీవుల వాళ్లకి మరీ తెలుస్తుంది. ఏటిమొగ రేవులో పంటు మీదకి బండిని ఎక్కించాలంటే నీటిమట్టాన్ని బట్టి చెక్క ఒకసారి ఏటవాలుగా, ఒకసారి నిలువుగా ఉంటుంది. ముందు చక్రం ఎక్కాక వెనక ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. అక్కడివాళ్లు పెద్ద బండి వద్దనడం పిసినారితనం కాదు.

ఎక్సెల్ గురించి ఈ వరసలో చెప్పకపోతే డెల్టా ఒప్పుకోదు. తొంభై కిలోల లోపు బరువు, గేర్లు లేవు, ముందు ఖాళీలో మేత బస్తా, వెనక పాలక్యాను, పక్కన చేపల బుట్ట. మోటారు సైకిలు కాదంటారు కుర్రాళ్లు. పశువులున్న ఇంట్లో మొదటి బండిగా దానికి సాటి లేదంటాను. ధర వంద సీసీ బళ్లకన్నా పది పదిహేను వేలు తక్కువ. ఒక్క హెచ్చరిక. "ఎక్సెలేగా" అని పదో తరగతి పిల్లాడి చేతికి తాళం ఇచ్చేస్తున్నారు. పదహారేళ్లకి చట్టం అనుమతించేది 50 సీసీ లోపు, గేర్లు లేని బండిని మాత్రమే. ఎక్సెల్ 100 ఆ లెక్కలోకి రాదు. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే యజమానికో, తండ్రికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. తక్కువ బడ్జెట్టు వాడికి అంతకన్నా ఖరీదైన బండి ఉండదు.

ఇక డబ్బు. షోరూంలో అద్దాల గదిలో కూర్చునే ఫైనాన్సు కుర్రాడు "పన్నెండు శాతమేనండీ" అంటాడు. మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. బయట నూటికి రెండు నడుస్తుంటే రూపాయి అన్నది ధర్మవడ్డీలాగే వినిపిస్తుంది. కిటుకు ఏంటంటే అది ఫ్లాట్ వడ్డీ. 60 వేలు మూడేళ్లకి తీసుకుంటే, ఏడాదికి 7,200 చొప్పున మూడేళ్ల వడ్డీ 21,600 ముందే కలిపేసి, మొత్తం 81,600ని 36తో భాగిస్తారు. నెలకి 2,267. కానీ ప్రతినెలా మీరు అసలు కూడా తీరుస్తూనే ఉన్నారు. చివరి నెలలో మీ దగ్గర మిగిలిన అసలు రెండు వేలు కూడా ఉండదు, వడ్డీ మాత్రం ఇంకా అరవై వేల మీదే కడుతున్నారు. తగ్గే అసలు మీద సరిగ్గా లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. అంటే నూటికి రూపాయి ముప్పావలా. అదే 60 వేలు తగ్గే అసలు మీద పన్నెండు శాతానికి దొరికితే నెలవాయిదా 1,993, మొత్తం వడ్డీ 11,750 లోపే. దాదాపు పదివేలు తేడా. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అన్న ఒక్క ప్రశ్న విలువ అది. అడిగితే చెప్పి తీరాలి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే వేసే జరిమానా కూడా కాగితం మీద రాయించుకోండి.

బ్యాంకులో తక్కువకి దొరుకుతుంది కదా అంటే, దొరుకుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఈ బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏ పేరుతో ఉన్నా బ్యాంకు జీతం చీటీ అడుగుతుంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసేవాడి దగ్గర, పెడనలో కలంకారీ అద్దేవాడి దగ్గర, చెరువు మీద మేతలేసేవాడి దగ్గర ఆ చీటీ ఉండదు. అందుకే అద్దాల గదికి వెళతారు.

వడ్డీ కన్నా పెద్ద చిక్కు నెలవాయిదాది. నెలజీతం ఉన్నవాడి కోసం పుట్టిన పద్ధతి అది. మన దగ్గర డబ్బు నెలనెలా రాదు. సార్వా ధాన్యం అమ్మితే ఒకసారి, మినుములు అమ్మితే ఇంకోసారి. గిలకలదిండి మత్స్యకారుడికైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల వాయిదాలు ఎక్కణ్ణుంచి తేవాలి? మూడో వాయిదా తప్పాక బండి కోసం మనుషులొస్తారు. పాత బళ్లమ్మే కన్సల్టెన్సీ షాపుల్లో "సీజింగ్ బండి" పేరుతో నిలబెట్టేవన్నీ అలా వచ్చినవే. కాబట్టి పంట మీద బతికే ఇంట్లో పద్ధతి వేరుగా ఉండాలి. పంట డబ్బు చేతికొచ్చిన నెలలో ఎక్కువ భాగం డౌన్ పేమెంటుగా కట్టి, వాయిదా వీలైనంత చిన్నది పెట్టుకోవడం. లేదా చీటీ పాడుకోవడం. డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్లు ఈ లెక్క మగాళ్లకన్నా బాగా వేస్తారని నా అనుభవం. నాకు తెలిసిన ఇళ్లలో వాయిదా ఎగ్గొట్టకుండా తీరిన బళ్లన్నిటి వెనకా ఇంటావిడ రాసుకున్న ఒక నోటుబుక్కు ఉంది.

షోరూం ధరకీ ఆన్ రోడ్డు ధరకీ మధ్య ఉన్న సందులో ఏమేం దాక్కుంటాయో కూడా చూడాలి. లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను తప్పవు. ఇన్సూరెన్సులో కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ లోపు బండికి అది పన్ను కాక 3,851 రూపాయలు. దాని మీద మన బండికి జరిగే నష్టానికి కట్టే పాలసీ మన ఇష్టం, కంపెనీ కూడా మన ఇష్టం. అయితే 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన చూసిన దివిసీమలో ఉండి, తుపాను నష్టానికి వర్తించని థర్డ్ పార్టీ ఒక్కటే చాలనుకోవడం నాకు మింగుడుపడదు. కొత్త బండికి మొదటి రెండు మూడేళ్లయినా పూర్తి పాలసీ ఉండాలి. బండి నీళ్లలో మునిగితే మాత్రం ఆదుర్దాగా కిక్కు కొట్టొద్దు. నీళ్లు ఇంజన్లోకి లాగేస్తే అది మీ తప్పని కంపెనీ అనొచ్చు. బిల్లులో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని కనబడితే దేనికని అడగండి. అలాగే కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అడగనివాడికి మ్యాట్లు, క్రాష్ గార్డు, స్టిక్కర్లు అంటగడతారు.

కొత్తదానికి డబ్బు చాలనివాళ్లే ఎక్కువ. వాళ్ల సంగతి గుడివాడ దగ్గర ఒక షెడ్డులో ఈ మధ్య చూసినంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తండ్రీ కొడుకులు పాత స్ప్లెండర్ ఒకటి తెచ్చారు. కొనలేదింకా, చూపించడానికి తెచ్చారు.

"ఎంత చెప్పారు బాబాయ్ గారూ?" అన్నాడు మెకానిక్కు.

"నలభై రెండు. ముప్పై ఎనిమిదికి దిగాడు."

"ఇంటి బండా, కన్సల్టెన్సీదా?"

"ఇంటిదేనన్నారు."

అతను ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. "వేడిగా ఉంది. ఇక్కడికి నడుపుకొచ్చారు కాబట్టి సరే. మీరు వాళ్లింటికి వెళ్లినప్పుడు చల్లగా ఉందా?" తండ్రి కొడుకు వైపు చూశాడు, కొడుకు నేల వైపు చూశాడు. పొద్దున్నే మొదటి కిక్కులో పొగ ఎలా వస్తుందో కొనేవాడు చూడాలి. ముందే స్టార్టు చేసి ఉంచితే రింగులు పోయిన సంగతి బయటపడదు. తర్వాత అతను మీటరు చూశాడు, 31 వేలు. నవ్వి, గేరు రాడ్డు రబ్బరు చూపించాడు, అరిగి ఇనుము కనబడుతోంది. "ముప్పై వేలకి రబ్బరు ఇంతలా అరగదు తమ్ముడూ. కేబులు తీసేసి తిప్పుంటారు." హెడ్‌లైటు విప్పి డోము లోపల టార్చి వేశాడు. మధ్యలో అడ్డంగా గోధుమరంగు గీత. "ఇక్కడి దాకా నీళ్లొచ్చాయి." ఆయిలు బోల్టు వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద వేసుకున్నాడు. పాలు కలిసిన టీలా ఉంది. ఇక చెప్పడానికేమీ లేదన్నట్టు వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

చూసినందుకు ఎంతివ్వాలని తండ్రి అడిగితే వంద రూపాయలు చాలన్నాడు. 38 వేలు కాపాడిన వంద అది.

ఆ గీత ఎక్కడిదో ఎవరం తేల్చలేం. కానీ విజయవాడ వైపు నుంచి వచ్చిన పాత బండి చూసేటప్పుడు 2024 సెప్టెంబరు నెల గుర్తు పెట్టుకోవాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు వేల బళ్లు మునిగాయి. శుభ్రం చేసి పాలిషు పెడితే పైకి ఏమీ కనబడదు. హెడ్‌లైటు డోము, సీటు కింద వైర్ల గుత్తి, బ్యాటరీ పెట్టె అడుగు మాత్రం అబద్ధం చెప్పవు.

పాత బండిలో ఇంజను కన్నా కాగితమే ఎక్కువమందిని ముంచింది. "సీ బుక్కు ఇస్తాను, పేరు తర్వాత మార్చుకుందురుగాని" అనే మాట ఈ ప్రాంతంలో మామూలు. అయిదుగురు చేతులు మారినా సీ బుక్కులో మొదటాయన పేరే ఉంటుంది. ఇందులో కొన్నవాడికన్నా అమ్మినవాడికే ఎక్కువ ముప్పు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: రికార్డులో ఎవరి పేరుంటే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత అతనిదే, బండి ఎన్ని చేతులు మారినా సరే. 29, 30 నంబరు ఫారాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టి ఆన్‌లైన్లో ఎక్కించేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు, పూర్తి డబ్బు తీసుకోవద్దు. ఫైనాన్సు ఉన్న బండైతే సీ బుక్కులో హెచ్‌పీ అని ఉంటుంది. వాయిదాలు తీరిపోయాయన్న మాట చాలదు, 35వ నంబరు ఫారం, ఫైనాన్సు కంపెనీ ఎన్వోసీ ఉండాలి. చాసిస్ నంబరు మీద మట్టి తుడిచి సీ బుక్కుతో ఒక్కో అంకే పోల్చుకోండి.

నంబరు ప్లేటు కూడా ఒక జాతకమే. ఏపీ 16 అని ఉంటే మన కృష్ణా జిల్లా బండి, 2019కి ముందుది. ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేసింది. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కాబట్టి 2012 బండి కొంటే 2027లో మళ్లీ ఫిట్‌నెస్ చూపించి రెన్యువలు చేయించుకోవాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడాలి. హైదరాబాదులో ఉద్యోగం చేసే అల్లుడు సంక్రాంతికి తెచ్చి వదిలేసిన టీఎస్ బండి చవగ్గా వస్తుందని ఆశపడతారు. ఏడాది దాటి ఇక్కడ తిప్పాలంటే అక్కడి నుంచి ఎన్వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. అల్లుడు బండి ఊరికే ఇచ్చినా ఊరికే రాదు.

నా మటుకు పాత బండికి కేటాయించిన డబ్బులో అయిదోవంతు ఇంట్లోనే ఉంచుకోమంటాను. నలభై వేలుంటే 32 వేల బండి. మిగతా ఎనిమిది వేలు చైను సెట్టుకి, టైర్లకి, బ్యాటరీకి, ఆయిలుకి మొదటి రెండు నెలల్లోనే అయిపోతాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బళ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు, పెట్రోలు ఇంజెక్షన్లో పోతుంది. పొద్దున్నే చటుక్కున స్టార్టవుతాయి, పొగ తక్కువ. కానీ నోటితో ఊది జెట్టు శుభ్రం చేసే పాత మెకానిక్కు వాటి ముందు నిస్సహాయుడు. స్కానరు ఉన్న షెడ్డు మీ ఊరికి ఎంత దూరమో కనుక్కున్నాకే 2020 తర్వాతి బండి జోలికి వెళ్లండి. బందరులో, గుడివాడలో పర్వాలేదు. కోడూరు దాటాక అడగాల్సిన మాటే.

కరెంటు బళ్ల గురించి ఒక్కమాట: బందరు టౌనులో కోనేరు సెంటరు చుట్టూ తిరిగే ఉద్యోగికి, రోజుకి ముప్పై కిలోమీటర్ల లోపైతే, అది మంచి బేరమే. తుపాను వస్తే మూడు రోజులు కరెంటు ఉండని పల్లెలో ఇంటికి ఉన్న ఒకే ఒక్క బండిగా దాన్ని నేను సిఫార్సు చెయ్యలేను. బజాజ్ 2024 జులైలో తెచ్చిన సీఎన్‌జీ బండి కూడా అంతే, గ్యాసు బంకు దారిలో ఉన్నవాడికే.

అసలు బండి కావాలా అన్న ప్రశ్న కూడా మర్యాదైనదే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ చార్జీ లేదు. గుడివాడ నుంచి బందరుకి రైలు ఉంది. ఇంటావిడని బస్సులో పంపి, రెండో బండి ఆలోచన మానుకున్న ఇళ్లు నాకు తెలుసు. కానీ పొద్దున్నే నాలుగింటికి చెరువు మీదకి వెళ్లాల్సినవాడికి, రాత్రి పదింటికి మిల్లులో దిగేవాడికి ఏ బస్సూ రాదు.

చివరగా ఎప్పుడు కొనాలన్నది. దసరాకి, ఉగాదికి షోరూంలో నిలబడ్డానికి చోటుండదు. పూలదండలు, కొబ్బరికాయలు, ఫోటోలు. ఆ రోజు బేరానికి ఎవరూ లొంగరు. ఆషాఢంలో, మూఢంలో, శూన్యమాసంలో వెళ్లి చూడండి, సేల్స్ కుర్రాడు కుర్చీ వేసి టీ తెప్పిస్తాడు. మీకు ముహూర్తాల నమ్మకం ఉంటే డబ్బు కట్టి, బిల్లు చేయించుకుని, డెలివరీ మాత్రం శ్రావణం మొదటి శుక్రవారం తీసుకోవచ్చు. మా ఇంట్లో రెండో బండి అలాగే వచ్చింది. మోపిదేవిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా ముందుకి పోనిచ్చాం. నూరు గజాలు పోగానే ఆగిపోయింది. ట్యాంకులో షోరూం వాళ్లు పోసిన కాస్త పెట్రోలూ అయిపోయింది. బంకు ఎదురుగానే ఉంది కాబట్టి నెట్టుకెళ్లాం, పెద్ద దూరమేమీ కాదు.